డీజిల్ థార్‌కి పెద్ద ఎగ్జాస్ట్ వేస్తే మైలేజీ పెరుగుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ. 2021 మోడల్ మహీంద్రా డీజిల్ థార్, బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) బండి. రోజూ హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఆఫీసుకి, సెలవుల్లో అనంతగిరి, శ్రీశైలం వైపు. కొత్తలో లీటరుకి 13 వచ్చేది, ఇప్పుడు 11 దగ్గర ఆగిపోయింది. మధ్యలో 255/65 టైర్లు తీసేసి 255/70 ఆల్ టెరైన్ టైర్లు వేయించారు, పైన క్యారియర్ పెట్టించారు. యాక్సెసరీస్ షాపులో 45 వేలకి మూడంగుళాల స్టీల్ ఎగ్జాస్ట్ వేస్తే రెండు మూడు కిలోమీటర్లు పెరుగుతుందన్నారు. ఇంకొంచెం ఇస్తే డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) కూడా లేపేస్తామన్నారు. వేయించుకోవాలా అని అడిగారు.

మైలేజీ కోసమైతే వద్దండి. మీ బండిలో సైలెన్సర్ మార్చడం వల్ల వచ్చే లాభం లీటరుకి ఓ యాభై మీటర్లు, మహా అయితే వంద. మీరు పోగొట్టుకున్న రెండు కిలోమీటర్లు వేరే చోట పోతున్నాయి. అవి ఎక్కడ పోతున్నాయో కింద చెబుతాను. డీపీఎఫ్ జోలికి మాత్రం అసలు వెళ్లొద్దు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ పంపులు, ఇంజెక్టర్లు, టర్బోల పని చేస్తాను. మహీంద్రా పాత మెకానికల్ పంపుల కాలం నుంచి ఇప్పటి కామన్ రైల్ (కంప్యూటర్ అదుపులో డీజిల్ కొట్టే పద్ధతి) దాకా చేతిమీదుగా నడిచాయి. ఈ మైలేజీ ప్రశ్న నెలకొకరైనా అడుగుతారు. అడిగేవాళ్లు చాలామంది ఎగ్జాస్ట్ వేయించుకున్నాకే వస్తారు. మీరు ముందే అడిగారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు అసలు లెక్క చూద్దాం. ఇంజిన్ కాలిన గ్యాసును బయటికి నెట్టాలి. దారిలో టర్బో (ఆ గ్యాసు తోపుతో తిరిగి ఇంజిన్‌లోకి గాలి నెట్టే ఫ్యాను), కెటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువుల్ని తగ్గించే డబ్బా), డీపీఎఫ్, సైలెన్సర్ అడ్డుంటాయి. ఆ అడ్డంకి వల్ల వెనక్కి తన్నే ఒత్తిడినే బ్యాక్ ప్రెషర్ అంటాం. దాన్ని ఎదిరించి నెట్టడానికి పిస్టన్ కొంత శక్తి ఖర్చు పెడుతుంది, అంత డీజిల్ వృథా. ఇంతవరకు షాపతను చెప్పింది నిజమే. టర్బో డీజిల్‌కి బ్యాక్ ప్రెషర్ ఉంటేనే పికప్ ఉంటుందని కొందరు ఎదురు చెబుతారు, అది తప్పు. టర్బో తర్వాత దారి ఎంత ఖాళీగా ఉంటే టర్బైన్‌కి అంత సుఖం.

అసలు తేడా వచ్చేది ఎంత ఒత్తిడి అన్న దగ్గర. గ్యాసు ప్రవాహం మూడో వంతుకి తగ్గితే ఒత్తిడి కూడా మూడో వంతుకే తగ్గి ఆగదు, దాదాపు తొమ్మిదో వంతుకి పడిపోతుంది. మీ ఇంజిన్ 130 హార్స్‌పవర్. ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) మీద 80లో నిలకడగా వెళ్తున్నప్పుడు అందులో పాతిక హార్స్‌పవర్ చుట్టుపక్కలే వాడుతున్నారు. అప్పుడు సైలెన్సర్‌లోకి వెళ్లే గ్యాసు, ఫుల్ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వెళ్లేదాంట్లో మూడో వంతు కూడా ఉండదు. ఫుల్ లోడులో డీపీఎఫ్‌తో కలిపి వెనక ఒత్తిడి 25, 30 కిలోపాస్కల్ ఉన్నా, 80 స్పీడులో అది 3 దగ్గరికి వచ్చేస్తుంది. పాదరసం లెక్కలో అది రెండు సెంటీమీటర్లు. ఆ స్పీడులో పిస్టన్ మీద పని చేసే సగటు ఒత్తిడి 500 కిలోపాస్కల్ పైమాటే. టర్బో దగ్గర ఆ 3 కాస్తా పెరిగి నాలుగున్నర అయిందనుకున్నా, మొత్తం అడ్డంకిని మాయం చేసేస్తే మిగిలేది ఒక శాతం లోపు. మీ 11లో ఒక శాతం అంటే 110 మీటర్లు. అది కూడా డీపీఎఫ్‌తో సహా అన్నీ పీకేస్తేనే. డీపీఎఫ్ అలాగే ఉంచి వెనక సైలెన్సర్ ఒక్కటే మారిస్తే అందులో సగం కూడా రాదు. ఎందుకంటే ఈ తరం డీజిళ్లలో పెద్ద అడ్డంకి డీపీఎఫ్. గ్యాసు చప్పుడును చాలావరకు అదే మింగేస్తుంది కాబట్టి దాని వెనక కంపెనీ పెట్టే సైలెన్సర్ అంత బిగుతుగా ఉండాల్సిన పని లేదు.

సిటీలో ఇంకా తక్కువ. సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో నిలబడ్డ బండికి మూడంగుళాల పైపు ఉన్నా రెండంగుళాల పైపు ఉన్నా ఒకటే.

మరి యూట్యూబ్‌లో ఆస్ట్రేలియా వాళ్లు బాగా పెరిగిందని చెబుతారు కదా అంటారు. వాళ్లు అబద్ధం చెబుతున్నారని నేననను. వాళ్ల బండ్లు, వాళ్ల వాడకం వేరు. పాత ల్యాండ్ క్రూయిజర్లు, ప్యాట్రోల్‌లు వెనక రెండు మూడు టన్నుల క్యారవాన్ కట్టుకుని గంటల తరబడి లోడు మీద నడుస్తాయి. అక్కడ గ్యాసు ప్రవాహం ఎప్పుడూ ఎక్కువ, ఎగ్జాస్ట్ వేడి ఎక్కువ. పైగా ఆ పాత పైపుల్ని వంచిన చోట లోపల నొక్కుకుపోయి దారి ఇరుకయ్యేది. అలాంటి బండికి నున్నగా వంచిన పెద్ద పైపు వేస్తే వేడి తగ్గుతుంది, ఘాట్‌లో తేడా తెలుస్తుంది, డీజిల్ కూడా కొంచెం కలిసొస్తుంది. మన దగ్గర కూడా మెకానికల్ పంపు ఉన్న పాత మహీంద్రాలకి ఇది వర్తిస్తుంది. ఆ పంపుకి గాలి ఎంత వచ్చిందో తెలియదు, స్క్రూ ఎంత తిప్పితే అంత డీజిల్ కొడుతుంది. గాలి చాలక నల్లపొగ కక్కే బండికి దారి తెరిస్తే పొగ తగ్గుతుంది, ఆ పొగలో పోయే డీజిల్ మిగులుతుంది. మీ థార్‌లో అలా కాదు. వచ్చే గాలిని సెన్సర్ కొలిచి, దానికి తగ్గట్టే ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) డీజిల్ కొడుతుంది. టర్బో రెక్కల కోణాన్ని కూడా అదే సర్దుతుంది. మీరు పైపు మార్చినా తనకి కావాల్సిన బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) కోసం రెక్కలు తిప్పేసి దాదాపు మొదటి స్థితికే తెచ్చేస్తుంది.

మరి వేయించుకున్నవాళ్లకి మైలేజీ ఎందుకు పెరిగినట్టు కనిపిస్తుంది? దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే గొడవంతా ఇక్కడే ఉంది.

ఒకటి, కొత్త ఎగ్జాస్ట్ వేసినప్పుడు ఎవరూ అది ఒక్కటే చేయరు. బండి ఎలాగూ షాపులో ఉంది కదా అని ఎయిర్ ఫిల్టర్ మారుస్తారు, ఆయిల్ మారుస్తారు, టైర్లలో గాలి కొట్టిస్తారు. లాభం వాటిది, పేరు సైలెన్సర్‌ది.

రెండు, మీటర్‌లో కనిపించే మైలేజీ. అది డీజిల్‌ని కొలిచి చెప్పే అంకె కాదు. ఇంజెక్టర్‌ని ఎంతసేపు తెరిచాను, ఇంజెక్టర్లకి డీజిల్ అందించే పైపులో ఒత్తిడి ఎంత అన్న లెక్క మీద ఈసీయూ వేసుకునే అంచనా. ఎగ్జాస్ట్‌తో పాటు రీమ్యాప్ (ఈసీయూ ప్రోగ్రామ్ మార్చడం) చేసినవాళ్లు ఆ పట్టికల్నే మారుస్తారు. ఒక్కోసారి ఈసీయూకి ఒక లెక్క చూపించి ఇంజెక్టర్‌తో ఇంకో లెక్కలో పోయిస్తారు. అప్పుడు డాష్‌బోర్డులో 15 కనిపిస్తుంది, బంకులో బిల్లు మాత్రం పాతదే వస్తుంది. ఏలూరు నుంచి ఒకాయన స్కార్పియో తెచ్చారు. ఎగ్జాస్ట్, రీమ్యాప్ రెండూ చేయించారు, మీటర్‌లో రెండు కిలోమీటర్లు పెరిగిందని చాలా సంతోషంగా ఉన్నారు. ట్యాంక్ ఫుల్ చేసి, హైవే మీద తిప్పి, అదే బంకులో అదే పంపు దగ్గర మళ్లీ ఫుల్ చేస్తే పాత బిల్లులకీ దీనికీ తేడా లేదు. డబ్బు పోయినందుకు కాదు గానీ, మీటరే తప్పు చూపిస్తోందని తెలిసి ఆయన బాధపడ్డారు.

మూడు, ట్యాంక్ ఫుల్ పద్ధతి కూడా అంత ఖచ్చితం కాదు. డీజిల్ నురగ వస్తుంది. ఒక బంకులో ముందే కట్ అవుతుంది, ఇంకో చోట కుర్రాడు ఊపి ఊపి పోస్తాడు. 50 లీటర్లలో అర లీటరు అటూ ఇటూ అయితేనే ఒక శాతం. అంటే మనం వెతుకుతున్న లాభమంతా ఆ నురగలోనే కలిసిపోతుంది. ఒక ట్యాంకు చూసి పెరిగిందనీ తగ్గిందనీ ఎవరు చెప్పినా నమ్మకండి. కనీసం నాలుగైదు ట్యాంకుల మొత్తం లీటర్లు, మొత్తం కిలోమీటర్లు కలిపి చూడాలి.

ఇక మీ రెండు కిలోమీటర్ల సంగతికి వద్దాం.

255/65 ఆర్18 టైరు ఎత్తు 789 మిల్లీమీటర్లు. మీరు వేసిన 255/70 ఎత్తు 814. అంటే చక్రం మూడు శాతం పెద్దదైంది. ఓడోమీటర్‌కి ఈ సంగతి తెలియదు. బండి నిజంగా 103 కిలోమీటర్లు తిరిగితే మీటర్ 100 అనే చూపిస్తుంది. మీరు 11 అనుకుంటున్నది నిజానికి 11.3 పైనే. ఎగ్జాస్ట్ ఇచ్చేదానికి మూడింతలు ఇక్కడే లెక్కలో పోయింది. మిగతాది టైరు బరువు, దాని గళ్లు రోడ్డు మీద పడే రాపిడి. ఆల్ టెరైన్ టైరుకి ఆ ఖర్చు తప్పదు. ఘాట్‌లో, మట్టిలో అది ఇచ్చే పట్టు కావాలనుకుంటే భరించాల్సిందే. కానీ గాలి మాత్రం సరిగ్గా ఉండాలి. ఆఫ్‌రోడ్‌లో గాలి 18, 20 పీఎస్ఐకి దించి, ఇంటికొచ్చాక అలాగే వారం తిప్పేవాళ్లని చాలామందిని చూశాను.

క్యారియర్ సంగతి. థార్ అసలే అట్టపెట్టెలా గాలికి ఎదురు నిలబడే బండి. 80 నుంచి 100కి వెళ్తే గాలి అడ్డంకి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. పైన ఖాళీ క్యారియర్ పెట్టుకుని 110లో వెళ్తే డీజిల్ ఎటు పోతోందో వెతకాల్సిన పని లేదు. వాడనప్పుడు విప్పేసి ఇంట్లో పెట్టండి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇంకా చూడాల్సినవి ఉన్నాయి. ఇంటర్‌కూలర్ (టర్బో నెట్టిన గాలిని చల్లబరిచేది) గొట్టం క్లాంప్ దగ్గర నూనె తడి ఉందేమో చూడండి. ఉంటే అక్కడ బూస్ట్ గాలి లీకవుతోందని అర్థం. కొండ దిగాక చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూస్తే ఒకటి మిగతా మూడింటికంటే బాగా వేడిగా ఉందా? ఉంటే ఆ బ్రేక్ పట్టుకుని ఉంది. చెయ్యి రిమ్‌కి తగిలించకండి, దగ్గర పెడితే చాలు, తెలుస్తుంది. తారు రోడ్డు మీద 4హెచ్‌లో (నాలుగు చక్రాల డ్రైవ్‌లో) తిరగడం అలవాటు ఉంటే మానేయండి, అది డీజిల్‌తో పాటు ముందు వెనక చక్రాలకి శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసునీ తింటుంది. ఇవన్నీ బాగుంటే అప్పుడు ఇంజెక్టర్ల రిటర్న్ టెస్ట్ (వాటి నుంచి వెనక్కి వచ్చే డీజిల్‌ని కొలవడం) చేయించండి.

నాకు ఎక్కువ అనుమానం మాత్రం మీ డీపీఎఫ్ మీదే. అది చెడిపోయిందని కాదు, దానికి ఊపిరి ఆడట్లేదని. డీపీఎఫ్ మసిని పట్టి ఉంచుకుంటుంది. నిండాక దాన్ని కాల్చేయాలి. దానికి దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. ట్రాఫిక్‌లో అంత వేడి రాదు కాబట్టి ఈసీయూ అదనంగా డీజిల్ కొట్టి ఆ వేడి పుట్టిస్తుంది. దీన్నే రీజెన్ అంటాం. అది నడిచే ఆ పది పదిహేను నిమిషాలు మైలేజీ సగానికి పడిపోవడం మామూలే. సరిగ్గా అప్పుడే మీరు ఆఫీసు చేరుకుని బండి ఆపేస్తే పని సగంలో ఆగిపోతుంది, పోసిన డీజిల్ వృథా. సాయంత్రం మళ్లీ మొదలు. రోజూ ఇదే తంతు అయితే లీటరుకి కిలోమీటరు పోవడంలో ఆశ్చర్యం లేదు. పైగా ఆ కాలని డీజిల్ కొంత సిలిండర్ గోడల మీదుగా ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. పొద్దున్నే చల్లని ఇంజిన్ మీద డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ మ్యాక్స్ గీత దాటి పైకి పెరిగి, డీజిల్ వాసన వస్తుంటే సమస్య ఇదే. అలా ఉంటే ముందు ఆయిల్ మార్పించండి, ఆ ఆయిల్‌తో దూరం వెళ్లకండి.

రీజెన్ నడుస్తోందని ఎలా తెలుస్తుంది? ఐడిల్ మామూలు కంటే కాస్త పైన ఉంటుంది. బండి ఆపబోతే ఫ్యాన్ గట్టిగా తిరుగుతూ ఉంటుంది. కింద నుంచి కాలిన వాసన, వేడి సెగ వస్తాయి. అప్పుడు ఇంజిన్ ఆపకండి, వీలుంటే ఇంకో రౌండు తిప్పి రండి. వారానికోసారి ఓఆర్ఆర్ ఎక్కి ఒక గేరు తక్కువలో, రెండు వేల ఆర్పీఎం పైన నిలకడగా పాతిక నిమిషాలు నడపండి. ఎండుగడ్డి మీద మాత్రం ఆ సమయంలో బండి ఆపొద్దు, అంటుకుంటుంది. ఆయిల్ కూడా డీపీఎఫ్‌కి సరిపడే తక్కువ బూడిద రకమే పోయించాలి. మసి కాలిపోతుంది గానీ ఆయిల్ వదిలే బూడిద కాలదు, లోపలే పేరుకుంటుంది.

ఒక స్కానర్ పెట్టించి డీపీఎఫ్‌కి ముందూ వెనకా ఒత్తిడి తేడా ఎంతో చూడమనండి. ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో 10 మిల్లీబార్ లోపు ఉంటే నేను నిశ్చింతగా వదిలేస్తాను. అంతకు బాగా పైన ఉండి, రీజెన్ చేయించినా దిగకపోతే అప్పుడు విప్పి శుభ్రం చేయించడం గురించి ఆలోచించాలి.

డీపీఎఫ్ లేపేస్తే ఈ తలనొప్పే ఉండదు కదా అని అడుగుతారు. దాపరికం లేకుండా చెబుతాను. రీజెన్ ఆగిపోతుంది కాబట్టి సిటీ బండికి కొంత డీజిల్ మిగులుతుంది, అది నిజం. కానీ బీఎస్4 డీజిల్ కారుకి కిలోమీటరుకి 25 మిల్లీగ్రాముల మసి అనుమతి ఉంటే, బీఎస్6లో అది 4.5కి దిగింది. ఆ తేడా తెచ్చింది ముఖ్యంగా ఈ డీపీఎఫ్. దాన్ని పీకేస్తే ఆ మసంతా మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, స్కూలు గేటు ముందు పడుతుంది. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2012లోనే తేల్చింది. ఆ పొగలో రోజంతా నిలబడి పని చేసేవాళ్లం, మాకు తెలుసు అది ఛాతీలో ఎలా కూర్చుంటుందో. అందుకే ఎంతిస్తామన్నా మా షాపులో ఆ పని చేయం.

చట్టం కూడా ఒప్పుకోదు. కంపెనీ ఇచ్చిన ఒరిజినల్ స్పెసిఫికేషన్ మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు అదే మాట గట్టిగా చెప్పింది. మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకి 5 వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. శబ్దం, పొగ నిబంధనలు దాటితే 10 వేల దాకా వేరే ఉంది, దానితో పాటు లైసెన్సు మీద మూడు నెలల వేటు. విశాఖలో, హైదరాబాద్‌లో బుల్లెట్ సైలెన్సర్లని రోడ్డు రోలర్‌తో తొక్కించడం మీరు చూసే ఉంటారు. కారుని ఆపరన్న భరోసా ఏమీ లేదు. వారంటీ పోవడం, అమ్మేటప్పుడు బేరం తగ్గడం సరేసరి.

ఒక్క సందర్భంలో మాత్రం ఎగ్జాస్ట్ పని మైలేజీ తెస్తుంది: ఉన్న పైపు చెడిపోయినప్పుడు. పాత 3.0 ఫార్చ్యూనర్ ఒకటి పాడేరు ఏజెన్సీ రోడ్ల నుంచి వచ్చింది. పికప్ లేదు, మైలేజీ 9కి పడిపోయింది. ఇంజెక్టర్లు మార్చాలని ఎవరో పెద్ద ఎస్టిమేటే ఇచ్చారు. ర్యాంపు ఎక్కించి కింద చూస్తే మధ్య పైపు రాయికి కొట్టుకుని చదునుగా నొక్కుకుపోయి ఉంది, లోపల రెండు వేళ్లు కూడా దూరవు. ఆ ముక్క కోసి అదే సైజు పైపు వెల్డింగ్ చేస్తే పాత మైలేజీ తిరిగొచ్చింది. మీరూ శ్రీశైలం అడవి దారుల్లో తిరుగుతారు కాబట్టి ఒకసారి కింద పడుకుని టార్చ్ వేసి చూడండి. పైపు నొక్కుకుందా, టర్బో తర్వాత వచ్చే బెల్లోస్ (వంగే ముడతల గొట్టం) చిరిగిందా, జాయింట్ల దగ్గర నల్లటి మసి చార ఉందా. డీపీఎఫ్‌కి ముందు లీకుంటే సెన్సర్ల లెక్క తప్పి రీజెన్లు ఎక్కువవుతాయి.

ఇవన్నీ చదివాక కూడా, మైలేజీ సంగతి వదిలేయండి, ఆ గంభీరమైన సౌండు నాకు కావాలి అంటే అది మీ ఇష్టం, కాదనను. అప్పుడు కూడా డీపీఎఫ్ దాటాక ఉన్న భాగంలోనే పని చేయించండి, అంతకు ముందున్న పైపునీ, ఒక్క సెన్సర్ వైరునీ కూడా ముట్టుకోనివ్వొద్దు. పైన చెప్పిన చలానా భయం దానికీ ఉంటుంది. మూడంగుళాల పైపు ప్రొపెల్లర్ షాఫ్ట్‌కీ, క్రాస్ మెంబర్‌కీ తగలకుండా చూడాలి, నాలుగు చక్రాలూ వేలాడదీసి ఒకసారి, బరువు మీద దించి ఒకసారి. విప్పిన కంపెనీ సైలెన్సర్‌ని షాపులో వదిలి రాకండి. హ్యాంగర్ రబ్బర్లు, క్లాంపులతో సహా ఇంటికి తెచ్చుకుని పొడిగా ఉన్నచోట పెట్టుకోండి. చెకింగ్‌లో పట్టుకున్నా, బండి అమ్మాలనుకున్నా అదే కావాలి.